శ్రీ బసవేశ్వరుని గృహజీవనము

బసవేశ్వరుడనగానే మనకు స్ఫురించునవి కల్యాణపట్టణము, బిజ్జలుని కొలువు, అనుభవమంటపము. భండారిగా, దండనాయకుడుగా, శరణులకు పెద్దదిక్కుగా ఆయనను ప్రతి బసవజయంతినాడును మన మఠములలో స్మరించుచున్నాము. కాని పగలెల్ల రాచకార్యములలో అలసిన ఆ మహనీయుడు ఏ ఇంటికి మరలివచ్చెడివాడో, ఆ ఇంట ఎవరెవరుండిరో, వారి నడుమ ఆయన ఎట్లు సేదతీరెడివాడో చెప్పువారు అరుదు. ఆ ఇంటికి శరణులు పెట్టుకొన్న పేరు మహామనె. కన్నడమున మనె యనగా ఇల్లు. పేరు పెద్దదే యైనను, అది అక్కయు, తమ్ముడును, ఇల్లాండ్రును, మేనల్లుడును కలిసి కాపురమున్న ఇల్లే. అనుభవమంటపమున వెలిగిన దీపమునకు చమురు ఆ ఇంటనుండియే వచ్చినది.

నేటి కర్ణాటకరాష్ట్రమందలి విజయపుర జిల్లాలో బసవన బాగేవాడి యను పట్టణము కలదు. పాలకురికి సోమనాథుడు తన బసవపురాణమున హింగుళేశ్వర భాగవాటి యని పేర్కొన్న అగ్రహారమిదియే. అచ్చట మాదిరాజు, మాదాంబ యను శైవబ్రాహ్మణ దంపతులకు బసవేశ్వరుడు జన్మించెను. జననము 1131వ సంవత్సరమని పలువురు చెప్పుదురు. 1105 అనువారును కలరు. 1260 నాటి అర్జునవాడ శాసనమున మాదిరాజు పేరును, బసవరాజు పేరును కానవచ్చుచున్నవి. ఆ దంపతులకు నాగమ్మ యను కుమార్తె కలదు. ఈమెనే శరణులు అక్కనాగమ్మ యని పిలిచిరి. తోడబుట్టినవానికే కాక కల్యాణములోని శరణులందరికిని ఆమె అక్క యయ్యెను. బసవేశ్వరుని జీవితమున ఆమె స్థానము చాల పెద్దది. మన పురాణప్రవచనములలో ఆమెకు దక్కుచున్న చోటు మాత్రము చిన్నది.

బాలునకు ఉపనయనము చేయ తండ్రి సంకల్పించెను. పుట్టుకతోడనే శివభక్తుడనైన నాకు మరల ఈ కర్మసంస్కార మేలయని బాలుడు వాదించినట్లు బసవపురాణము చెప్పుచున్నది. అక్కకు లేని జందెము తనకెందుకని అడిగెనను గాథయు శరణపరంపరలో విశేషముగా ప్రచారమందున్నది. ఏది యెట్లైనను తండ్రికిని కొడుకునకును పొత్తు కుదరలేదు. బాలుడు ఇల్లు విడిచెను. ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. లోకమున వైరాగ్యము కలిగినవారు ఒంటరిగా గడప దాటుదురు. బసవేశ్వరుడట్లు దాటలేదు. నాగమ్మ తమ్ముని వెంట నడిచెను. తమ్ముడు వదలినది ఆచారమునే కాని తోబుట్టువును కాదు.

హరిహరుని బసవరాజదేవర రగళెలో ఈ కథ కొంత వేరుగా నున్నది. అందు తల్లిదండ్రులు బాల్యముననే గతించినట్లును, ముత్తవ్వ పెంచినట్లును, వయసు వచ్చిన పిదప ఆయనయే జందెమును త్యజించి బయలుదేరినట్లును చెప్పబడినది. ఏ కవి ననుసరించి చదివినను ఒక్క సంగతి మాత్రము మారదు. పుట్టినింటి చలువ బసవేశ్వరునకు చిన్ననాడే దూరమయ్యెను. ఇల్లనగా నేమో, అది లేని లోటెట్టిదో ఆయన పుస్తకములు చదివి నేర్చినది కాదు.

కృష్ణా మలప్రభానదులు కలియుచోట కూడలసంగమక్షేత్రము కలదు. అచ్చట జాతవేదమునుల చెంత బసవేశ్వరుడు విద్యాభ్యాసము చేసెను. సంగమేశ్వరుడు ఆయనకు ఇష్టదైవ మయ్యెను. ఆ తరువాత మేనమామయగు బలదేవుడు తన కుమార్తె గంగాంబను ఆయనకిచ్చి వివాహము చేసెను. బలదేవుడు బిజ్జలుని మంత్రి. ఆ విధముగా బసవేశ్వరునకు మంగళవేడెలో రాజోద్యోగము లభించెను. లెక్కలు వ్రాయుటతో మొదలైన కొలువు క్రమముగా భండారి పదవికిని, దండనాయకత్వమునకును చేరెను. సిద్ధరసుని కుమార్తెయు, రాజగృహమున బిజ్జలునకు చెల్లెలివలె పెరిగినదియునగు నీలాంబను కూడ ఆయన పరిణయమాడెను. 1162 ప్రాంతమున బిజ్జలుడు కల్యాణమున స్థిరపడగా బసవేశ్వరుని కుటుంబమును అచ్చటికి చేరెను. ఆ కల్యాణమే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. 1956 వరకు అది హైదరాబాదు రాజ్యములోనిదే యగుటచే తెలంగాణమునందలి మన పెద్దలు చాలమంది దానిని పొరుగూరివలె ఎరుగుదురు.

రాజాస్థానమన్నచోట అసూయ లేకపోదు. శరణులకు బసవేశ్వరుడు పెట్టుచున్న అన్నము రాజభాండారములోనిదని కొండెములు చెప్పువారు బయలుదేరిరి. బిజ్జలుడు లెక్కలు తీయించెను. ఒక్క కాసైనను తగ్గలేదని పురాణములు చెప్పుచున్నవి. దినమెల్ల ఇట్టి అనుమానపు చూపుల నడుమ మెలగినవానికి సాయంకాలము మహామనె గడప దాటుట ఎట్లుండెనో ఏ గృహస్థుడైనను ఊహింపగలడు. లోపల లెక్క అడుగువారు లేరు. వచ్చిన జంగమునకు పాదోదకమెత్తుచు ఒకరు, వంటశాలలో ఒకరు, మేనల్లుని చదివించుచు ఒకరు. దాసోహము ఒక్కని వలన సాగునది కాదు. పెట్టు చేయి బసవేశ్వరునిదని లోకమన్నది. వండిన చేతులు, వడ్డించిన చేతులు ఆ ఇంటి స్త్రీలవి.

అట్లని వారు వంటింటికే పరిమితమైనవారని తలపరాదు. నాగమ్మ, గంగాంబ, నీలాంబ ముగ్గురును వచనములు రచించిరి. శరణులు తమ వచనముల చివర ఇష్టదైవము పేరును ముద్రగా నుంచుట ఆచారము. బసవేశ్వరుని ముద్ర కూడలసంగమదేవ. మేనల్లుడైన చెన్నబసవేశ్వరుని ముద్ర కూడలచెన్నసంగమదేవ. నీలాంబ సంగయ్య యని ముగించెను. నాగమ్మ బసవణ్ణప్రియ చెన్నసంగయ్య యని చెప్పుకొనెను. ఆ ఒక్క ముద్రలో దైవమును, తమ్ముని పేరును, కుమారుని పేరును స్ఫురించునట్లున్నది. ఒకే ఇంటివారందరు ఒకే దేవుని పేర, ఎవరి మాటలలో వారు, ఎవరి అనుభవమును వారు చెప్పుకొనిరి. పండ్రెండవ శతాబ్దిలో భార్య కవిత్వము చెప్పగా భర్త వినిన ఇండ్లు ఎన్ని యుండెనో!

చెన్నబసవేశ్వరుడు నాగమ్మ కుమారుడు. మేనమామ ఒడిలో పెరిగి, పిన్నవయసుననే షట్‌స్థలజ్ఞాని యని పేరొందెను. మేనల్లునకు మామ విద్య నేర్పుట సహజమే. మేనల్లుడు మామను సరిదిద్దుటయు, మామ దానిని సంతోషముతో శిరసావహించుటయు ఆ ఇంటి విశేషము. శూన్యసంపాదనలో ఒక ఘట్టము కలదు. అల్లమప్రభువు సిద్ధరాములతో కూడి కల్యాణమునకు వచ్చి మహామనె వాకిట నిలిచెను. బసవేశ్వరుడు లోపల లింగపూజలో నుండెను. హడపద అప్పణ్ణ వచ్చి చెప్పినను పూజ ముగియకుండ లేవలేదు. అప్పుడు వాకిట జంగమము నిలిచియుండగా చేతిలోని లింగమును పట్టుకొని కూర్చుండుట తగదని మేనల్లుడే హెచ్చరించెను. దండనాయకుడు చిన్నవాని మాటకు తలవంచి వాకిటికి పరుగెత్తెను. పిల్లల నోట మంచిమాట వచ్చినపుడు వయసును అడ్డుపెట్టుకొను పెద్దలు ఈ ఘట్టమును తప్పక చదువవలెను.

ఆ అల్లమప్రభువే తరువాత మహామనెలో ఆరగింప కూర్చుండెను. వేలమందికి వండిన అన్నము ఆయన యొక్కడే ఆరగించెనని శూన్యసంపాదన వర్ణించును. ఇందలి తత్త్వమును పండితులు అనేకవిధముల విప్పిరి. ఇంటివైపునుండి చూచినపుడు మాత్రము తోచునది వేరు. వండినదంతయు అయిపోయినను ఆ ఇంట ముఖము చిన్నబుచ్చుకొన్నవారు లేరు. ప్రభువు తృప్తుడగుటయే శరణులందరి తృప్తి యయ్యెను.

నవ్వు పుట్టించు కథలును లేకపోలేదు. కిన్నర బ్రహ్మయ్యకు ఉల్లి ప్రియము. బసవేశ్వరుడొకనాడు ఆ వాసనను ఈసడించెను. బ్రహ్మయ్య అలిగి వెడలిపోయెను. తాను చేసిన తప్పును గ్రహించి బసవేశ్వరుడు ఉల్లిపాయలకే ఉత్సవము చేసి, శరణులతో వెడలి, ఆయనను బతిమాలి తెచ్చుకొనెను. బసవపురాణము చదువునపుడు ఈ కథవద్ద నవ్వని పిల్లలుండరు. కాని దీనిలో లోతు కలదు. బసవేశ్వరుడు తన వచనములలో కిన్నర బొమ్మయ్యను, అనగా ఈ బ్రహ్మయ్యనే, అన్నగా చెప్పుకొనెను. మాదార చెన్నయ్యను, డోహర కక్కయ్యను పితృస్థానమున నిలుపుకొనెను. తండ్రితో వాదించి గడప దాటిన బాలుడు పెద్దవాడై, కులము తక్కువయని లోకము దూరముంచినవారిలో తండ్రిని వెదకికొనెను. వరుసలు కలుపుకొనుట ఆయనకు మాటవరుస కాదు. అన్న అలిగినపుడు తమ్ముడేమి చేయవలెనో అదియే ఆయన చేసెను.

శరణులలో మరియొక గాథ కలదు. దొంగలు మహామనె ఆవులను తోలుకొనిపోగా దూడలు అరచుచుండెను. ఆ అరపు విని బసవేశ్వరుడు దూడలను కూడ ఆ దొంగలకే చేర్పించెను. ఆవులు పోయినందుకు కాక, తల్లీబిడ్డలు వేరైనందుకు ఆయన మనసు కలతపడెను. ఆ కలత ఆయన ఇంటను లేకపోలేదు. బాలసంగయ్య యను కుమారుడు కలిగి పసితనముననే లింగైక్యమొందెనని పరంపర చెప్పుచున్నది. దుఃఖము ఎరుగని ఇల్లు అది కాదు. దుఃఖమును నలుగురు పంచుకొన్న ఇల్లు.

సంసారము భక్తికి అడ్డమని నాడును నేడును చెప్పువారు కలరు. కల్యాణమునందే అల్లమప్రభువువంటి విరాగి యుండెను. భర్తను, భోగమును విడిచి వచ్చిన అక్కమహాదేవి యుండెను. బసవేశ్వరుడు వారిని తనకంటె పైమెట్టున నిలిపి నమస్కరించెను. అయినను తన ఇంటిని విడువలేదు. విడువవలసినదని వారును పట్టుపట్టలేదు. పైపెచ్చు, ఏ ఇంటను నిలువక వచ్చిన అక్కమహాదేవి తన వచనములలో తాను బసవణ్ణ ఇంటి ఆడబిడ్డనని చెప్పుకొనెను. కదళీవనమునకు పోవువారికి సైతము కల్యాణమున ఒక పుట్టినిల్లు కావలసివచ్చెను. ఆ పుట్టినిల్లు మహామనెయే.

మహామనె చుట్టును ఇంకను ఎన్నో చిన్న ఇండ్లుండెను. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యమును ఏరి తెచ్చుచుండగా, లక్కమ్మ దానిని వండి జంగమములకు పెట్టుచుండెను. ఒకనాడు భర్త అలవాటుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. అంత ఆశ మనకేల, ఎక్కువైనదానిని తెచ్చినచోటనే పోసిరమ్మని లక్కమ్మ త్రిప్పి పంపెను. హడపద అప్పణ్ణయు, ఆయన భార్య లింగమ్మయు కూడ వచనకర్తలే. ఆలుమగలు కలిసి కాయకము చేసి, కలిసి వండి, కలిసి వడ్డించి, కలిసి శివానుభవగోష్ఠికి పోవుట కల్యాణమున వాడుక యయ్యెను. ఆ వాడుకకు మహామనె మేలుబంతి.

ఇట్టి ఇంటికి పెనుపరీక్ష వచ్చెను. బ్రాహ్మణుడగు మధువరసుని కుమార్తెకును, చెప్పులు కుట్టు కాయకముగల హరళయ్య కుమారునకును శరణులు వివాహము జరిపించిరి. ఇరువురు తండ్రులును శరణులు. లింగధారులలో కులభేదము లేదని నమ్మినవారు వియ్యమందుటలో వింతయేమి కలదు? సహపంక్తి భోజనమువరకు సహించిన నగరము వియ్యమును సహింపలేకపోయెను. సంప్రదాయవాదుల మాట విని బిజ్జలుడు ఆ తండ్రులిద్దరికిని క్రూరదండన విధించెను. నీలాంబను చెల్లెలిగా ఎంచిన ప్రభువే శరణులమీద కత్తి దూసెను. రాజునకు ఒక ఇంట పెండ్లి నేరముగా తోచినపుడు ఆ రాజు కొలువులో బసవేశ్వరునకు పని లేకపోయెను. ఆయన పదవిని విడిచి, కల్యాణమును వీడి, తాను పెరిగిన కూడలసంగమమునకు మరలెను. 1167-68 ప్రాంతమున బిజ్జలుడు హతుడయ్యెను. కల్యాణము అల్లకల్లోలమయ్యెను. శరణులు చెల్లాచెదరైరి.

అంతవరకు ఒక్క పంక్తిని కూర్చుండి భుజించిన కుటుంబము అప్పుడు నాలుగు దిక్కులయ్యెను. సంగమమున చేరిన బసవేశ్వరుడు నీలాంబను తోడితెమ్మని అప్పణ్ణను పంపెనని పరంపర. జగత్తును త్యజించినవారును, లోకమునకు మార్గము చూపినవారును అనేకులు కలరు; అంత్యకాలమున ఇల్లాలికొఱకు కబురంపినవాడని చెప్పబడిన మహనీయుడు ఈయన. నీలాంబ ఆ కబురు వినెను. ఆమె అప్పటికి వెంట నడచు ఇల్లాలు మాత్రమే కాదు, పండిన శరణి. అచ్చటనున్న సంగయ్య ఇచ్చట లేడా యని తలచి, కృష్ణాతీరమందలి తంగడగిలోనే లింగైక్యమొందెను. తంగడగి సంగమమునకు దూరము కాదు. అదే కృష్ణ రెండు క్షేత్రములను తాకి మన తెలుగునేలకు దిగివచ్చుచున్నది. గంగాంబ సమాధి మలప్రభాతీరమున, కిత్తూరు ప్రాంతపు హుబ్బళ్లియందున్నది.

తెలుగునాట మల్లికార్జున పండితారాధ్యులు బసవేశ్వరుని కీర్తిని విని, ఆయనను కన్నులార చూడవలెనని కల్యాణమునకు పయనమైరి. త్రోవలోనే లింగైక్యవార్త వినవలసివచ్చెను. ఆయన పొందిన శోకమును సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున విస్తరించి చెప్పెను. కంటితో చూడని మనుష్యునికొఱకు తోడబుట్టినవాడు పోయినట్లు దుఃఖించుట ఆ ఘట్టమున కాననగును.

నాగమ్మ మాత్రము మిగిలెను. తమ్ముని వెంట బాగేవాడి గడప దాటిన ఆమె ఇప్పుడు కుమారుని వెంట నడచెను. చెన్నబసవేశ్వరుడు ముందుండగా శరణులు వచనముల కట్టలను మోసికొని, వెన్నాడు రాజసైన్యమును ఎదుర్కొనుచు పడమటి కనుమలవైపు సాగిరి. ఆ వచనములలో తమ్ముడు వ్రాసినవి, మరదండ్రు వ్రాసినవి, కొడుకు వ్రాసినవి, తాను వ్రాసినవి ఉండెను. కల్యాణమున ఇల్లు పోయినను ఆ ఇంటి మాటలు పోకుండ ఆ తల్లి కాచెను. ఉత్తర కన్నడ జిల్లాలో దట్టమైన అడవుల నడుమనున్న ఉళవిలో చెన్నబసవేశ్వరుడు లింగైక్యమొందెను. నేటికిని మాఘపూర్ణిమనాటి ఉళవి జాతరకు ధారవాడ, బెళగావి ప్రాంతములనుండి భక్తులు ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చుచున్నారు. ఒక్కొక్క బండిలో అవ్వతాతలును, కోడండ్రును, చంకపిల్లలును కూర్చుండి, దారిలో చెట్లక్రింద దిగి వండుకొని తినుచు, దినములతరబడి అడవిదారిని పోవుదురు.